దేవుని స్వరాన్ని గుర్తుపట్టడం, పిలుపును తెలుసుకోవడం: విశ్వాసికి ఒక మార్గదర్శి

షిలోహు మందిరంలో, దేవుని మందసం (ఆయన సన్నిధికి గుర్తైన పవిత్రమైన పెట్టె) ఉన్నచోటనే పడుకొని ఉన్న సమూయేలును యెహోవా పేరుపెట్టి పిలిచినప్పుడు, ఆ బాలుడు లేచి ఏలీ దగ్గరకు పరుగెత్తాడు. ఒకసారి కాదు, మూడుసార్లు అలాగే చేశాడు. పాలు విడిచిన నాటినుండి అతడు పెరిగింది అక్కడే. నారతో నేసిన ఏఫోదు అనే యాజక వస్త్రం ధరించి పరిచర్య చేసేదీ, తెల్లవారగానే మందిరపు తలుపులు తీసేదీ అతడే. అయినా పిలిచినది ఎవరో అతనికి తెలియలేదు. సమూయేలు అప్పటికి ఇంకా యెహోవాను ఎరుగలేదని వాక్యం స్పష్టంగా చెబుతుంది. మూడవసారి విషయం గ్రహించినవాడు ఏలీ. చూపు మందగించిన వృద్ధుడు, కన్నకొడుకులను అదుపులో పెట్టలేక తీర్పుకు గురైన యాజకుడు ఆయన. అయినా ఆ రాత్రి ఆ బాలుడికి ఎలా జవాబివ్వాలో నేర్పగలిగింది ఆయన ఒక్కడే.

ఈ వృత్తాంతాన్ని పెద్దయ్యాక నిదానంగా చదివితే, ఆదివారపు బడిలో మనం గమనించని మూడు సంగతులు కనిపిస్తాయి. దేవుని స్వరాన్ని గుర్తుపట్టడం పుట్టుకతోనో, మందిరంలో పెరగడంతోనో దానంతట అదే రాదు, నేర్చుకోవాలి. నేర్చుకోవడానికి మరొక మనిషి అవసరం. ఇక మూడవది, సమూయేలు విన్న మొదటి మాట అతని భవిష్యత్తును గురించినది కాదు. తాను ప్రేమించే పెద్దాయన ఇంటిమీదికి రానున్న తీర్పును గురించిన కఠినమైన మాట అది. చెప్పడానికి భయపడి అతడు తెల్లవారేదాకా అలాగే పండుకొన్నాడు.

చాలా ఏళ్లుగా యువజనుల బైబిలు అధ్యయన కూటంలో కూర్చుంటున్నందువల్ల, ఈ విషయంపై వచ్చే ప్రశ్నలు నాకు బాగా పరిచయం. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవారు, రెండు సంబంధాల మధ్య తేల్చుకోలేనివారు, పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయిన తల్లులు, అందరూ ఏదో ఒక రూపంలో అడిగేది ఇదే: "దేవుడు నాతో మాట్లాడుతున్నాడని నాకెలా తెలుస్తుంది?" కింద ఉన్న మెట్లను వరుసగా ఎక్కమని నా మనవి. మొదటి నాలుగింటికి కనీసం మూడు నెలల సమయం పడుతుంది. తొందరలో ఉన్నవారు ఐదవ మెట్టు నుండి మొదలుపెట్టాలనుకుంటారు గాని, వినడమే అలవాటు కాని చెవికి పరీక్షించడానికి ఏమీ దొరకదు.

మొదటి మెట్టు: ప్రశ్నను సరిచేసుకోండి

"నా జీవితం పట్ల దేవుని ఉద్దేశం ఏమిటి?" అని అడిగేటప్పుడు మనం నిజానికి అడుగుతున్నది ఏ ఉద్యోగం, ఏ ఊరు, ఎవరితో వివాహం అన్న విషయాలనే. మన చుట్టూ జాతకం చూపించుకోవడం, ముహూర్తం అడగడం అలవాటుగా ఉన్న సమాజంలో, విశ్వాసులమైన మనం కూడా తెలియకుండానే జాతకచక్రం ఉన్న చోట బైబిలును పెట్టుకొని అదే పని చేస్తుంటాము. రేపు ఏం జరుగుతుందో ముందే తెలిస్తే విశ్వాసంతో నడవవలసిన అవసరం తప్పుతుందన్న ఆశ దాని వెనుక ఉంటుంది.

లేఖనాలు "దేవుని చిత్తము" అన్న మాటను తరచుగా మరోలా వాడతాయి. మీరు పరిశుద్ధులగుటయే దేవుని చిత్తమని థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగవ అధ్యాయం చెబుతుంది. న్యాయముగా నడచుకొనుట, కనికరమును ప్రేమించుట, దీనమనస్సుతో దేవుని యెదుట ప్రవర్తించుట, ఇంతే ఆయన అడుగుతున్నాడని మీకా ప్రవక్త అంటాడు. రహస్యములు యెహోవాకు చెందుతాయని, బయలుపరచబడినవి మనకూ మన సంతతికీ చెందుతాయని ద్వితీయోపదేశకాండము 29వ అధ్యాయం గీత గీసి చెబుతుంది. మనం మాత్రం మనకు చెందిన భాగాన్ని పక్కనపెట్టి, ఆయనకు చెందిన భాగం కోసం ఉపవాసాలు ఉంటాము.

కాబట్టి ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఎడమవైపు పేజీలో మీకు తెలియనివి రాయండి: ఉద్యోగం, పెళ్లి, వలస, ఏదైనా సరే. కుడివైపు పేజీలో, దేవుడు కోరుతున్నాడని మీకు ఇప్పటికే తెలిసి కూడా చేయకుండా ఉన్నవి రాయండి. పొలం పంపకంలో మాట పడి అన్నతో మాట్లాడడం మానేసి ఉండవచ్చు. తీసుకున్న చేబదులు తిరిగి ఇవ్వకపోయి ఉండవచ్చు. ఇంట్లో పనిచేసే మనిషి జీతం విషయంలో అన్యాయం చేస్తూ ఉండవచ్చు. కుడివైపు పేజీలో నుండి ఒకదాన్ని ఈ వారమే చేయండి. ఆయన చిత్తప్రకారం చేయ నిశ్చయించుకొన్నవాడే ఆ బోధ దేవునివలన కలిగినదో కాదో తెలుసుకుంటాడని యోహాను సువార్త ఏడవ అధ్యాయంలో ప్రభువు చెప్పిన వరుసలో, విధేయత ముందు వస్తుంది, తెలియడం తరువాత వస్తుంది.

రెండవ మెట్టు: చెవికి వాక్యాన్ని అలవాటు చేయండి

తల్లి ఫోను చేస్తే, ఆమె పేరు చెప్పుకోకముందే, గొంతు విన్న క్షణంలోనే గుర్తుపడతాము. ఎవరైనా ఆమె గొంతును అనుకరించి "డబ్బు పంపించు" అంటే, "మా అమ్మ అలా మాట్లాడదు" అని కూడా చెప్పగలము. ఎన్నో ఏళ్లు ఆమె మాట వింటూ పెరిగిన పరిచయం అది. నా గొఱ్ఱెలు నా స్వరము వినును అని ప్రభువు చెప్పినది కూడా కాపరితో రోజూ నడిచే మందను గురించే. దేవుడు ఎలా మాట్లాడతాడో తెలియాలంటే ఆయన ఇప్పటికే మాట్లాడిన మాటలలో చాలాకాలం గడపాలి. దీనికి దగ్గరదారి లేదు.

మన సంఘాలలో నూతన సంవత్సర ఆరాధనలో వాగ్దానపు కార్డు తీసుకోవడం ఒక ప్రియమైన ఆచారం. దాన్ని నేను తప్పుపట్టను. మా ఇంట్లో పాత కార్డులు ఇప్పటికీ బైబిలులో ఉన్నాయి. అయితే కార్డు మీద ఉన్న వచనం ఒక పెద్ద సంభాషణలో నుండి తీసిన ఒక్క వాక్యం. యిర్మీయా 29:11 చాలామందికి కంఠస్థమే: నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును, అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు. ఆ మాట బబులోనుకు చెరపట్టబడిపోయిన వారికి యెరూషలేము నుండి పంపిన ఉత్తరంలోనిది. త్వరలోనే ఇంటికి తిరిగి వెళ్తామని నమ్మించే ప్రవక్తలు వారి మధ్య ఉన్నారు. దేవుడు మాత్రం డెబ్బది సంవత్సరాలు పడుతుందని, అంతవరకు ఇళ్లు కట్టుకొని, తోటలు నాటుకొని, పిల్లలకు పెళ్లిళ్లు చేసి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించమని చెప్పాడు. పదకొండవ వచనం ఒక్కటే చదివితే త్వరలో మంచి ఉద్యోగం వస్తుందని వినిపిస్తుంది. ఉత్తరమంతా చదివితే, ఇష్టంలేని ఊరిలో నమ్మకంగా బ్రతకమని వినిపిస్తుంది. ఈ రెండూ ఒకే స్వరం కావు.

సాధన ఇలా మొదలుపెట్టండి. నాలుగు సువార్తలలో కలిపి 89 అధ్యాయాలు ఉన్నాయి. రోజుకు ఒక అధ్యాయం చొప్పున మూడు నెలలలో పూర్తవుతాయి. పదహారు అధ్యాయాలే ఉన్న మార్కు సువార్తతో ప్రారంభిస్తే అలవాటు నిలబడుతుంది. పెదవులు కదుపుతూ, మీ చెవికి వినబడేలా చదవండి. మన పాత అనువాదంలోని గ్రాంథిక భాష కొత్తవారికి కష్టంగా ఉంటే, వాడుకభాషలో వచ్చిన అనువాదం ఒకటి పక్కన పెట్టుకోండి. అర్థం కాని గంభీరమైన మాటకన్నా అర్థమైన మామూలు మాట మేలు. చదివిన తరువాత, ఏ మాట దగ్గర మీ మనసు ఆగిందో ఆ మాటను మళ్లీ రెండుసార్లు నెమ్మదిగా పలకండి. తరువాత ఆ మాటను గురించే దేవునితో మాట్లాడండి. ఆ రోజు దానివల్ల చేయవలసిన పని ఏదైనా ఉంటే ఒక్క వాక్యంలో రాయండి. ఏ మాట దగ్గరా మనసు ఆగని రోజులు ఉంటాయి. ఆ రోజు తేదీ వేసి, అధ్యాయం పేరు రాసి మూసేయండి. తిన్న ప్రతి భోజనమూ గుర్తుండదు గాని ఒంటికి పడుతుంది.

మూడవ మెట్టు: ఊరకుండడం నేర్చుకోండి

బయలు అనే దేవత ప్రవక్తలను ఎదిరించిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, ఒక బదరీవృక్షం కింద కూర్చొని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని ప్రార్థించాడు. ఆ స్థితిలో దేవుడు అతనికి చేసిన మొదటి సహాయం ఉపదేశం కాదు. నిద్రపోనిచ్చాడు, దేవదూత చేత లేపించి రొట్టె, నీళ్లు ఇప్పించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. హోరేబు కొండ, గాలి, భూకంపం, అగ్ని, వాటి తరువాత మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరం, ఇవన్నీ ఆ రెండు భోజనాల తరువాత, నలువది రాత్రింబగళ్ల ప్రయాణం తరువాత వచ్చాయి. రాత్రి రెండు గంటలదాకా పనిచేసి, నాలుగు గంటలకు లేచి ప్రార్థనలో కూర్చొని, ఏమీ వినబడటంలేదని బాధపడే ఐటీ ఉద్యోగులకు నేను ఎప్పుడూ ఈ అధ్యాయమే చూపిస్తాను. నాయనా, ముందు నిద్రపో, తిను.

రోజుకు ఇరవై నిమిషాలు కేటాయించండి. ఫోనును మరొక గదిలో పెట్టండి. చేతిలో పెట్టుకొని నిశ్శబ్దంలో ఉంచితే సరిపోదు. ఒకే గదిలో అయిదుగురు ఉండే ఇళ్లలో ఏకాంతం దొరకదని నాకు తెలుసు. అటువంటివారికి డాబా మీద తెల్లవారుజాము, పొలం గట్టు, బస్సులో కిటికీ పక్క సీటు, పనిదినాలలో తెరిచి ఉండే మందిరపు వెనుక బల్ల, ఇవి చాలు. ఒక చిన్న వచనాన్ని తీసుకొని నెమ్మదిగా చెప్పుకోండి: ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి. మన ప్రార్థనలు ఎక్కువభాగం వినతిపత్రాల వలె ఉంటాయి, చదివి వినిపించి సంతకం పెట్టి లేచిపోతాము. ఈ ఇరవై నిమిషాలలో ఏమీ అడగకండి.

కరెంటు బిల్లు గుర్తుకు వస్తుంది, నిన్న ఎవరో అన్న మాట గుర్తుకు వస్తుంది. వాటితో పోరాడకుండా, ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టి, తిరిగి వచనం దగ్గరకు రండి. పదేపదే గుర్తుకు వచ్చే ఒక వ్యక్తి ముఖం ఉంటే మాత్రం దాన్ని అడ్డంకిగా భావించకండి. చాలాసార్లు మాట అక్కడే ఉంటుంది.

నాలుగవ మెట్టు: లోపల కదిలేవాటిని గమనించండి

1521లో స్పెయిన్‌లోని పాంప్లోనా కోటపై జరిగిన దాడిలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన ఇగ్నేషియస్ లొయోలా అనే సైనికుడు, కోలుకుంటూ మంచం మీద నెలల తరబడి ఉండిపోయాడు. అతను కోరిన వీరగాథలు ఆ ఇంట్లో దొరకలేదు. క్రీస్తు జీవితచరిత్ర, పరిశుద్ధుల చరిత్రలు మాత్రమే దొరికాయి. పడుకొని రెండు రకాల ఊహలలో తేలిపోయేవాడు. యుద్ధంలో కీర్తి సంపాదించడం, ఒక గొప్పింటి స్త్రీ మెప్పు పొందడం ఒక రకం; పరిశుద్ధుల వలె సర్వం విడిచి క్రీస్తును వెంబడించడం మరొక రకం. రెండూ ఊహించేటప్పుడు ఆనందంగానే ఉండేవి. తేడా తరువాత తెలిసింది. మొదటి రకం ఊహలు ముగిశాక మనసు ఎండిపోయినట్టు ఉండేది. రెండవ రకం ముగిశాక కూడా నెమ్మది నిలిచి ఉండేది. ఆయన తరువాత రాసిన ఆత్మీయ సాధనల పద్ధతికి విత్తనం ఈ చిన్న గమనిక. మనలో చాలామంది రోమను కతోలికులం కాకపోయినా, ఈ విషయంలో ఆయన దగ్గర నేర్చుకోవడానికి సంకోచించనవసరం లేదు.

రాత్రి పడుకోబోయే ముందు పది నిమిషాలు ఈ గమనికకు ఇవ్వండి. ముందుగా ఆ రోజు పొందిన మేళ్లకు, పేర్లు పెట్టి, కృతజ్ఞత చెప్పండి. తరువాత ఉదయం నుండి రాత్రిదాకా జరిగినదాన్ని ఒక దారిలా వెనక్కి నడిచి చూడండి. ఎక్కడ ప్రేమ, ధైర్యం, మెలకువ పెరిగాయి? ఎక్కడ మనసు ముడుచుకుపోయింది, ఎక్కడ దేవుని నుండి దాక్కోవాలనిపించింది? రెండు వాక్యాలు రాసి, తప్పిన చోట క్షమాపణ అడిగి పడుకోండి. ఒక్క రోజు రాతలో ఏమీ కనిపించదు. ఆరు వారాల తరువాత వెనక్కి తిప్పి చదివితే, ఏ పని చేసిన రోజు మీ మాటలో జీవం ఉందో, ఏ ఆశ వెంట వెళ్లిన రోజు అలసట మిగిలిందో మీ చేతిరాతే మీకు చెబుతుంది.

ఇక్కడ ఒక తేడాను జాగ్రత్తగా నేర్చుకోవాలి. పరిశుద్ధాత్మ ఒప్పింపజేసేటప్పుడు తప్పును పేరుపెట్టి చూపిస్తాడు, తిరిగి రావడానికి తలుపు కూడా తెరుస్తాడు: "నిన్న నీ భార్యతో అన్న ఆ మాట తప్పు, వెళ్లి చెప్పు." నేరం మోపేవాడైన సాతాను మాట అలా ఉండదు. "నువ్వు ఎందుకూ పనికిరావు, నీ ప్రార్థనలు ఎవరూ వినరు" అని, ఏ తప్పో చెప్పకుండా, ఏ దారీ చూపకుండా మనిషిని కుంగదీస్తుంది. దాన్ని వినయమని పొరబడి ఏళ్ల తరబడి మోసే విశ్వాసులను, ముఖ్యంగా స్త్రీలను, నేను చూశాను. మనసు చీకటిలో ఉన్న రోజులలో, వెలుగులో ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని మార్చుకోవద్దని ఇగ్నేషియస్ చెప్పిన నియమం ఎంతో విలువైనది. రాజీనామా ఉత్తరం రాయవలసివచ్చినా, నిశ్చితార్థం రద్దు చేసుకోవలసివచ్చినా, ఆ చీకటి తొలగేదాకా ఆగండి.

ఐదవ మెట్టు: విన్నదాన్ని పరీక్షించండి

సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి అన్న ఆజ్ఞకు సరిగ్గా ముందే ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి అన్న ఆజ్ఞ ఉంది. రెండూ కలిసే ఉండాలి. పరీక్ష అవిశ్వాసం కాదు.

ఒంగోలు చరిత్రలో నుండి ఒక సంఘటన చెబుతాను. 1866లో ఒంగోలులో పరిచర్య మొదలుపెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, బ్రాహ్మణ కుటుంబాల పిల్లలు వచ్చే బడి ఒకటి నడిపేవాడు. అదే సమయంలో, తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య వంటివారి ద్వారా మాదిగ పల్లెల నుండి ప్రజలు విశ్వాసంలోకి రాసాగారు. వారిని చేర్చుకుంటే తాము దూరమవుతామని పై కులాలవారు స్పష్టం చేశారు. ఎటూ తేల్చుకోలేక క్లౌ కొత్త నిబంధన ఒకటి తెరిచినప్పుడు, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని మాటలు కంటబడ్డాయి: సహోదరులారా, మిమ్మును పిలిచిన పిలుపును చూడుడి, మీలో లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు. వేరే గదిలో ఉన్న ఆయన భార్య కూడా, భర్తకు ఎదురైనది తెలియకుండానే, అదే భాగాన్ని చదివిందని ఆయన ఆత్మకథ చెబుతుంది.

ఈ సాక్ష్యాన్ని విని, కళ్లు మూసుకొని బైబిలు తెరిచి వేలు పెట్టడమే పద్ధతి అని అనుకునేవారు ఉన్నారు. ఇందులో నన్ను ఆపేవి వేరే విషయాలు. ఆ వచనం యేసు సువార్తలంతటా చేసిన పనితో ఏకీభవించింది. ఇద్దరు వేర్వేరుగా విన్నారు. విన్నదానివల్ల వారికి లాభం రాలేదు. ప్రతిష్ఠ తెచ్చే బడి దెబ్బతిన్నది. ఎదుట నిలబడి ఉన్న మనుషులకు, అంటరానివారని ఊరు నెట్టివేసిన మనుషులకు, ఆ విధేయత వల్ల తలుపు తెరుచుకుంది. పుస్తకం ఏ పేజీ దగ్గర తెరుచుకుందన్నది వీటన్నిటిలో అతి చిన్న విషయం.

కాబట్టి మీకు ఏదైనా వినబడిందని అనిపిస్తే ఈ ప్రశ్నల ముందు పెట్టండి. ఇది లేఖనాల మొత్తం ధోరణితో, ముఖ్యంగా యేసు స్వభావంతో కలుస్తున్నదా? ఇది నేను ముందే కోరుకున్నదేనా? కోరుకున్నది కావడం తప్పు కాదు గాని, అటువంటప్పుడు పరీక్ష మరింత గట్టిగా ఉండాలి. దీనివల్ల నా పొరుగువాడికి, నాకన్నా బలహీనుడికి ఏమవుతుంది? ఇది వెలుగులో చెప్పుకోగలిగినదా, లేక ఎవరికీ చెప్పవద్దని అంటున్నదా? వారం తరువాత, నెల తరువాత కూడా నిలిచి ఉన్నదా? ఒకప్పుడు నేను మరొక ఊరిలో ఉద్యోగాన్ని దేవుని పిలుపని నమ్మి ఒప్పుకున్నాను. మూడు సూచనలు వరుసగా వచ్చాయని సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాను. నా భార్య మనసులో ఉన్న కలతను విశ్వాసలోపమని కొట్టిపారేశాను. ఏడాది తిరగకుండానే వెనక్కి వచ్చాము. తరువాత నోటుపుస్తకం చూసుకుంటే, ఆ సూచనలను వెదకడానికి ముందే నా మనసు జీతం లెక్క వేసుకొని ఉంది. ఆమె కలతే ఆ రోజు నాకు వినబడవలసిన మాట.

యుద్ధానికి పంపిన దేవుని మాటకు గుర్తుగా, నేల మీద పరచిన గొఱ్ఱెబొచ్చు మాత్రమే మంచుతో తడవాలని గిద్యోను అడిగిన సంగతిని ఆధారం చేసుకొని సూచనలు అడిగేవారు ఒకటి గమనించాలి. అతడు బొచ్చు పరచడానికి ముందే దేవుని ఆజ్ఞ స్పష్టంగా అందింది. ఆ బొచ్చు అతని భయానికి దేవుడు చూపిన సహనం. యూదా ఇస్కరియోతు స్థానంలో మత్తీయను ఎంచుకోవడానికి శిష్యులు చీట్లు వేసినది కూడా పెంతెకొస్తు దినానికి ముందు. ఆత్మ దిగివచ్చిన తరువాత వారు చీట్లు వేసినట్టు అపొస్తలుల కార్యములలో మళ్లీ కనబడదు.

దేవుని పేరు చెప్పి ఇతరులు మీ మీద మోపే మాటల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. "నువ్వే నా భార్యవని ప్రభువు చూపించాడు" అని ఒక యువకుడు అంటే, ప్రభువు ఆ అమ్మాయితో కూడా మాట్లాడగలడు. ఆమె కాదంటే ఆ మాట అక్కడితో ఆగాలి. ఇంత కానుక పంపితేనే ఆశీర్వాదం విడుదలవుతుందని చెప్పే ప్రవచనానికి డబ్బు పంపకండి. మందులు మానేయడమే విశ్వాసమని ఎవరు చెప్పినా, షుగరు మాత్రలు గాని, ఫిట్సు మాత్రలు గాని మానకండి. తనకు హాని చేసుకోమనో ఇతరులకు హాని చేయమనో ఆజ్ఞాపించే స్వరం చెవిలో వినబడుతుంటే అది దేవుని స్వరం కాదు, ఆ మనిషి పాపమూ కాదు. చికిత్స ఉన్న అనారోగ్యం కావచ్చు. వెంటనే మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. ప్రభుత్వపు టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబగళ్లు ఉచితంగా అందుబాటులో ఉంది. ప్రార్థన కూడా చేయండి. రెండింటికీ మధ్య శత్రుత్వం లేదు.

ఆరవ మెట్టు: ఒంటరిగా నిర్ణయించకండి

త్రోయ పట్టణంలో రాత్రివేళ, మాసిదోనియకు వచ్చి సహాయం చేయమని వేడుకొనే ఆ దేశపు మనుష్యుని దర్శనం చూసినవాడు పౌలు ఒక్కడే. మరుసటి వాక్యంలో మాత్రం, దేవుడు మమ్మును పిలిచియున్నాడని "మేము" నిశ్చయించుకున్నామని లూకా రాశాడు. దర్శనం ఒకరిది, నిశ్చయం అందరిది. అంతకుముందు ఆసియలో వాక్యం చెప్పకుండా ఆత్మ ఆటంకపరచడం, బితూనియకు వెళ్లనివ్వకపోవడం కూడా వారందరూ కలిసి అనుభవించినవే. మరొక విషయం చూడండి: దర్శనంలో కనిపించినది పురుషుడు, ఫిలిప్పీ నది ఒడ్డున వారికి ఎదురైనది స్త్రీల ప్రార్థనకూటం, మొదట హృదయం తెరిచినది ఊదారంగు పొడి అమ్మే లుదియ. నిజంగా దేవుని నుండి వచ్చిన దర్శనం కూడా వివరాలన్నీ చెప్పదు. మనం ఊహించుకున్న రూపంలో రాలేదని దాన్ని తోసిపుచ్చకూడదు.

ఇద్దరు ముగ్గురు మనుషులను ఎంచుకోండి. మీ నిర్ణయం వల్ల లాభమో నష్టమో లేనివారు ఒకరైనా ఉండాలి. మిమ్మల్ని మెచ్చుకునేవారే కాక, గతంలో మీకు కష్టమైన నిజం చెప్పినవారు ఉండాలి. కాపరి గారిని తప్పక అడగండి గాని, ఆయన చేత నిర్ణయం చేయించుకోకండి. "నేనేం చేయమంటారు?" అని కాకుండా, "నేను విన్నది ఇది, నాకు కనిపించనిది మీకేమైనా కనిపిస్తున్నదా?" అని అడగండి. తల్లిదండ్రుల మాటకు బరువు ఇవ్వండి; కులం, కట్నం, పరువు అన్న భయాలు ఆ మాటలో కలిసి ఉన్నప్పుడు, గౌరవంగానే, ఆ భయాలను వేరుచేసి చూడండి. మన సంఘాలలో ఆడపిల్లల విషయంలో అందరూ కూర్చొని నిర్ణయించి చివర ఆమెకు తెలియజేయడం ఆనవాయితీగా ఉంది. బాలుడైన సమూయేలుతో మాట్లాడిన దేవుడు ఆమెతో మాట్లాడడా? ముందు ఆమెను అడగండి, తరువాత మౌనంగా వినండి.

ఏడవ మెట్టు: పిలుపును చేతులతో వెదకండి

దేవుని ఆత్మతో నింపబడెనని లేఖనం పేరుపెట్టి మొదట చెప్పిన మనిషి ప్రవక్త కాదు, యాజకుడు కాదు. బంగారం, వెండి, రాయి, కఱ్ఱ పని చేసే బెసలేలు. పిలుపు అనగానే ఉద్యోగం మానేసి సేవకు రావడమేనని అనుకునేవారికి నిర్గమకాండము 31వ అధ్యాయం చదవమని చెబుతాను. నిజాయితీగా లెక్కలు రాసే గుమస్తా, రాత్రి డ్యూటీలో రోగి పక్క తిప్పే నర్సు, ఎండలో వరినాట్లు వేసే కూలీ, వీరి పనిలో దేవునికి చోటు లేదని ఏ అపొస్తలుడూ చెప్పలేదు. పౌలు డేరాలు కుట్టాడు.

మీ చేతికి ఏం వచ్చు, మీ ఎదుట ఏ అవసరం ఉంది, ఏ తలుపు తెరిచి ఉంది, ఈ మూడూ ఎక్కడ కలుస్తాయో చూడండి. తిండివనంలో తండ్రి ఇంట ఉన్న ఐడా స్కడర్ అనే యువతికి మిషనరీ కావాలన్న కోరిక లేదు. ఒకే రాత్రి ముగ్గురు పురుషులు, ఒకరి తరువాత ఒకరు, ప్రసవవేదనలో ఉన్న తమ భార్యల కోసం వచ్చారు. ఆమె తండ్రి వైద్యుడు. కాని పురుష వైద్యుడు వద్దని వారు వెళ్లిపోయారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ మరణించారు. ఆమెకు ఆకాశం నుండి శబ్దం వినబడలేదు. తలుపు తట్టిన చప్పుడు వినబడింది. 1899లో అమెరికాలో వైద్యవిద్య పూర్తిచేసి వచ్చింది, 1918లో వేలూరులో స్త్రీలకు వైద్య పాఠశాల ప్రారంభించింది. ఇవాళ చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుండి రోగులు బస్సులెక్కి వెళ్లే ఆసుపత్రి ఆ రాత్రి నుండే మొదలయింది.

క్లౌ విషయం కూడా ఇక్కడ మళ్లీ గుర్తుచేసుకోవాలి. యువకుడిగా అమెరికాలో భూముల సర్వే పనిలో ఉన్నప్పుడు, ఆ పని తన పిలుపులో భాగమవుతుందని అతనికి తెలియదు. 1876–78 కరవులో ప్రజలు ఆకలితో చచ్చిపోతుంటే, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించగలిగాడు. ఆ సర్వే చదువు అప్పుడు పనికివచ్చింది. కూలి కోసం, తిండి కోసం విశ్వాసులమని చెప్పేవారు ఉంటారని గ్రహించి, కరవు సాయం నడుస్తుండగా బాప్తిస్మాలు ఆపేశాడు. తిరిగి మొదలుపెట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య అందరూ చెబుతారు. నాకు మాత్రం అంతకుముందు ఆగిన ఆ నెలలే ఎక్కువ చెబుతాయి.

మీరు చేయవలసినది చిన్నదిగా మొదలుపెట్టండి. బోధించే పిలుపు ఉందనిపిస్తే, ఉద్యోగం మానకుండా మూడు నెలలు ఆదివారపు బడిలో చిన్నపిల్లల తరగతి తీసుకోండి. రోగుల పరిచర్య అనిపిస్తే, ప్రభుత్వాసుపత్రి వార్డుకు వారానికి ఒకసారి వెళ్లి, ఎవరూ లేని రోగికి నీళ్లు అందించండి. పొగిడేవారు లేనప్పుడు కూడా చేయాలనిపిస్తున్నదా, ఎదుటివారికి నిజంగా మేలు జరుగుతున్నదా, ఈ రెండూ నోటుపుస్తకంలో రాయండి. ఒకటి కాదని తేలితే ఆ మూడు నెలలు వృథా కావు. పౌలుకు బితూనియ మూసుకుపోయినట్టు మీకు ఒక దారి మూసుకుపోయింది, అంతే.

ఏమీ వినబడని కాలం

అబ్రాముకు ఎనుబదియారేళ్లప్పుడు ఇష్మాయేలు పుట్టాడు. తరువాతి అధ్యాయం మొదలయ్యేసరికి అతనికి తొంబదితొమ్మిదేళ్లు. మధ్యనున్న పదమూడేళ్లలో దేవుడు అతనితో మాట్లాడినట్టు ఒక్క వాక్యం కూడా లేదు. యోసేపు పదునేడేళ్ల వయసులో కలలు చెప్పాడు, ముప్పది ఏళ్ల వయసులో ఫరో ఎదుట నిలిచాడు. అక్కడ కూడా పదమూడేళ్లే. ఆ కాలంలో యెహోవా యోసేపునకు తోడైయుండెను అని ఉంది గాని, యోసేపుతో మాట్లాడెను అని లేదు. పోతీఫరు ఇంట్లో, చెరసాలలో, తన చేతికి అప్పగించిన పనిని అతడు సరిగా చేశాడు.

1854 జనవరి 1న తెల్లవారుజామున, మూసివేయాలా వద్దా అని దూరదేశంలో చర్చ జరుగుతున్న తెలుగు మిషనుకు చెందిన లైమన్ జూవెట్, ఆయన భార్య, జూలియా అనే తెలుగు స్త్రీతో సహా కొద్దిమంది, ఒంగోలు దగ్గరి కొండ ఎక్కి ఆ ప్రాంతానికి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. క్లౌ ఒంగోలుకు వచ్చి స్థిరపడటానికి పన్నెండేళ్లు పట్టింది.

మీ కాలం అటువంటిదైతే, నోటుపుస్తకంలో వెనక్కి వెళ్లి, స్పష్టంగా విన్నారని మీకు నిశ్చయమున్న చివరి మాటను వెదకండి. దానికి విధేయులయ్యారో లేదో చూడండి. కాకపోతే అక్కడి నుండి మొదలుపెట్టండి. అయివుంటే, రేపటి అధ్యాయం ఏదో చూసి గుర్తు పెట్టుకొని, అలారం పెట్టుకొని పడుకోండి.